పన్నెండో మట్టు

గుత్తి
14 ఏప్రిల్ 2025

జమీలక్కకి బాషా సలాములు.

రంజాన్‌కి నువ్వు కుట్టి పంపిన అంగీ బాగా సరిపోయింది. బుజాల కాడ అరంగుళం వదులు పెట్టినావు, నేను లావైతానని ముందే తెలిసినట్టు. ఫోనుండగా ఈ జాబులేందని బావ నవ్వుతాడేమో. ఆయనకి చెప్పు, నా చెవులు పోయిన యాడాది కంటే ఇంకా మందగించినాయి. మిషన్ పెట్టుకుంటే కుయ్యిమని కూత తప్ప మాట వినపడదు. నీదేమో బటన్ల ఫోను. ఇంగ మనకి పోస్టు డబ్బానే దిక్కు.

అసలు సంగతికి వస్తా. టీవీల రిపేరు తగ్గించి నేనిప్పుడు రికార్డింగ్ పనిలో పడినా. మిద్దె మింది గదికి చుట్టూ నల్లగుడ్డలు కట్టినాం. పగలే చీకటి చేసుకోని పని చేస్తాం. శబ్దం సంగతి నాజ్‌నీన్ చూసుకుంటాది. మన లెక్కల సారు రామదాసు గుర్తుండాడా? ఎనభై రెండేండ్లు ఆయనకి. పొద్దున పదింటికి ఆటోలో వచ్చి, కుర్చీ ముందుకు లాక్కోని కూర్చుంటాడు. ఒక కంట్లో శుక్లం, ఇంకో కంటికి చూపు సన్నగిల్లింది. అయినా ఒక్కరోజు మానడు.

మా వీడియోలు బెంగళూరులో కొందరు చూసి మెచ్చుకున్నారు. అయితే వాళ్లకి మొదటి నుంచి చివరి దాకా మధ్యలో ఆపకుండా పూర్తి ఆట కావాలంట. అది నా వల్ల కాదక్కా. గుత్తిలో ఎవరి వల్లా కాలేదు. సారు ఒకటే మాట అంటాడు, "మీ అక్క వచ్చి ఆడితే తప్ప ఇది అయ్యేది కాదు. ఆ పిల్ల ఆడినట్టు ఇంగ ఎవరూ ఆడలేదు" అని.

వచ్చి ఒక్కసారి ఆడు. సారు చూపు పోకముందే నువ్వు ఆడేది చూడల్లని ఆశపడతాండాడు. రానుపోను నాలుగు రోజులు చాలు. బావని నేనడిగినానని చెప్పు.

నీ తమ్ముడు
బాషా


చిలమత్తూరు
22 ఏప్రిల్ 2025

బాషాకి,

నీ జాబు వచ్చినప్పుడు లక్ష్మీనరసమ్మ జాకెట్టు కొలతలియ్యడానికి వచ్చి ఈడనే కూర్చోని ఉండాది. తమ్ముడు రాసినాడు విను అని గట్టిగా చదివినా, నా బుద్ధి గడ్డి తిని. సగం చదివేసరికి ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఏమప్పా, నీకు మతి ఉండాదా? రికార్డింగ్ డ్యాన్సు పార్టీ పెట్టినావా? జాతర్లలో స్టేజీ కట్టి, సినిమా పాటలకి రంగు దీపాల కింద ఎగిరిస్తారే, అదేనా నువ్వు పడిన పని? గది చుట్టూ నల్లగుడ్డలంట. పగలే చీకటంట. పెండ్లాం పాటలు పెడతాదంట! నాజ్‌నీన్ ఎట్ల ఒప్పుకుండాది? రామదాసు సారు మింద నాకు ఎంత గౌరవం ఉండె. ఆయన కుర్చీ ముందుకు లాక్కోని కూర్చుంటాడా? ఒక కన్ను పోయినా మానడా?

నాకు యాభై మూడేండ్లు. ఇద్దరు మనవరాళ్లు. మోకాలు నొప్పికి తైలం పూసుకోని మిషన్ తొక్కతాండా. నన్ను వచ్చి ఆడమంటావా, బెంగళూరు వాళ్లు చూడనీకి? "ఆ పిల్ల ఆడినట్టు ఎవరూ ఆడలేదు" అంటాడా సారు? నేను యాడ ఆడినా? ఎప్పుడు ఆడినా? పీర్ల పండక్కి గుండం చుట్టూ కూడా ఆడినదాన్ని కాదు.

నాయన ఊరూరూ తిరిగి పరుపులు కుట్టి మనల్ని చదివించింది దీనికా?

ఈ సంగతి మీ బావకి చెప్పలేదు. చెప్పితే నీళ్ల ట్యాంకరేసుకోని గుత్తికి వస్తాడు. గుత్తిలో మన కదిరమ్మకి మాత్రం కబురు పంపినా, నీకు కొంచెం బుద్ధి చెప్పమని. ఆ గుడ్డలు విప్పి కిటికీలు తెరువు.

ఇప్పటికింకా నీ అక్కనే,
జమీలాబీ


గుత్తి
29 ఏప్రిల్ 2025

అక్కా,

నీ జాబు నాజ్‌నీన్ చదివింది. చదివి నేల మింద కూర్చునింది. ఏడుస్తాందనుకోని దగ్గరికి పోయినా. నవ్వతాంది. ఏమైందని అడిగితే జాబు నా చేతికిచ్చింది.

నువ్వు కబురు పంపిన కదిరమ్మ మా వీధిలో చెప్పకుండా ఎవరినీ వదల్లేదు. మొన్న ఆదెప్ప అని ఒకాయన వచ్చినాడు, జాతర కమిటీ అంట. కాగితం మింద రాసి చూపిచ్చినాడు, "మీ పార్టీలో ఎంతమంది? స్టేజీ మేమే కడతాం" అని. టీవీలు తప్ప నా కాడ ఏ పార్టీ లేదంటే నమ్మలేదు. నల్లగుడ్డలు చూపిచ్చి, మరి ఇవేందన్నాడు.

తప్పు నాదే. నిన్ను ఆశ్చర్యపెడదామని అసలు మాట రాయకుండా పోయినా. ఇప్పుడు సరిగ్గా రాస్తా.

మన స్కూలుకి సర్కారు ఇచ్చిన మూడు కంప్యూటర్లు గుర్తుండాయా? టీవీకి తగిలిస్తే పనిచేసేవి, క్యాసెట్ నుంచి ప్రోగ్రాం ఎక్కించుకునేవి. పనికిరావని స్కూలు వాళ్లు బయట పడేసిన రోజు రెండు నేను ఇంటికి మోసుకొచ్చినా. ఇన్నేండ్లకి పోయిన చలికాలంలో ఒకదాన్ని బతికిచ్చినా. సారు ట్రంకులో క్యాసెట్ ఒకటి దొరికింది. దాని మింద ఆయన చేతిరాత: "బావి". అదే, సారు మన కోసం సొంతంగా రాసిన ఆట! బొక్కెన కిందికి దిగతాంటాది, ఎడమకి ఒక మీట, కుడికి ఒక మీట, బండకి తగిలితే తాడు తెగతాది, మూడు తాళ్లు తెగితే ఓడినట్టు. బావి తవ్వేవాళ్లు మనిషి నిలువు లోతుని మట్టు అంటారు కదా, అట్ల పన్నెండు మట్లు.

ఆ ఆట నడిచేటప్పుడు తెరని వీడియో తీస్తాండా. రికార్డింగ్ అంటే అది! మొదట సెల్‌ఫోన్‌తో తీస్తే తెర మింద నల్లపట్టీలు పైకీ కిందికీ పాకతాన్యాయి. అందుకని వైరు లాగి, పాత వీసీఆర్ గుండా తీసుకోని, లాప్‌టాప్‌లోకి ఎక్కిస్తాండా. పక్కనే ఒక కెమెరా ఆడేవాళ్ల చేతుల్ని తీస్తాది. నల్లగుడ్డలు కిటికీ వెలుగు తెర మింద పడకుండా కట్టినవి. క్యాసెట్ కూత సన్నగా ఉంటేనే ప్రోగ్రాం ఎక్కతాది. నేను టేప్‌రికార్డర్ స్క్రూ తిప్పతాంటే నాజ్‌నీన్ విని, చెయ్యెత్తి ఆపమంటాది.

బెంగళూరు వాళ్లు పాత ఆటల్ని చెడిపోకుండా దాచిపెట్టేవాళ్లు. మన దిక్కున ఒక బడి పంతులు రాసిన ఆటంటే ఎగిరి గంతేసినారు. నేను నాలుగో మట్టుకే తాడు తెంపుకుంటా. నాజ్‌నీన్ ఆరు దాకా పోయింది. నువ్వు పదకొండు దాటినావు. ఆ కంప్యూటర్లు నడిచిన పద్దెనిమిది నెలల్లో స్కూలు మొత్తంలో నువ్వొక్కదానివే.

ఇప్పుడు చెప్పు, వస్తావా?

బాషా

రామదాసు సారుకి నీ జాబు చూపియ్యలేదు. చూపిచ్చేంత ధైర్యం నాకు లేదు.


చిలమత్తూరు
9 మే 2025

బాషా,

ముందు నాజ్‌నీన్‌ని నా తరపున క్షమించమను. సారుకి ఎప్పటికీ చూపియ్యొద్దు. లక్ష్మీనరసమ్మకి నీ జాబు మొత్తం చదివి వినిపిచ్చినా, ఊరంతా చెప్పినదాన్ని ఆమెనే మల్ల ఊరంతా తిరిగి సరిచేయమన్నా. "అట్లనా, డ్యాన్సు లేదా" అని నీరసపడిపోయింది.

బావి ఆట! ఆ పేరు చదవగానే నా చూపుడువేలు దానంతట అదే కదిలింది. ఐదో మట్టులో ఎడమ పక్క ఒక బండ ముక్కు మాదిరి బయటికి ఉంటాది, అవునా? ఏడులో రెండు బండల మధ్య సందు, ఊపిరి బిగబట్టుకోని దూరల్ల. అట్లట్లనే గుర్తుండాది. నిన్న కత్తిరించిన గుడ్డ యాడ పెట్టినానో గుర్తులేదు కానీ ఇది ఉండాది.

అయినా నేను రాను బాషా. ఎందుకో రాస్తే నీకు కోపమొస్తాది. రాయకపోతే నాకు తీరదు.

పదో క్లాసు పరీక్షలకి ముందర ఒక శనివారం. పదకొండో మట్టు దాటినా. తెర మింద పన్నెండు అని అంకె పడింది. అంతే, తెర నల్లగా అయిపోయింది. తల తిప్పి చూస్తే నువ్వు స్విచ్చి బోర్డు కాడ నిలబడి ఉండావు, నోరు తెరుచుకోని. కరెంటు పోయిందన్నావు. ఫ్యాను తిరగతానే ఉండాది బాషా. అక్క గెలిస్తే ఓర్చుకోలేక నువ్వే ఆపినావని నాకు అప్పుడే తెలుసు. పరీక్షలయినాయి, నేను కుట్టుపనిలో చేరినా, ఆ గదిలో మల్ల కాలు పెట్టలేదు.

ముప్పై ఏడేండ్లుగా ఎవరికీ చెప్పలేదు. చిన్న విషయమే. కానీ నాకు చిన్నది కాదు. నా చేత్తో నేను ఏదైనా చివరి దాకా తీసుకుపోయినానంటే అదొక్కటే, అది కూడా పోలేదు.

అయినా ఇప్పుడు స్కూలు యూనిఫారాల కాలం. నూట నలభై జతలు కుట్టల్ల.

అక్క


గుత్తి
20 మే 2025

అక్కా,

ఈ జాబు కూర్చోని చదువు.

నేను స్విచ్చి ముట్టలేదు. అల్లా మింద ఒట్టు. నువ్వు ఆడేది కనపడల్లని ఆ బోర్డు కింద ఉన్న బెంచీ ఎక్కి దిగినా, అంతే. కరెంటు పోయిందనే అనుకున్నా. ఫ్యాను సంగతి నాకు తోచనే లేదు.

మూడు రోజులు నాకు అన్నం సయించలేదు. నాలుగో రోజు సారు వస్తానే అడిగినా, "సార్, ఆ పొద్దు కంప్యూటర్ ఎట్ల ఆగిపోయింది? మా అక్క నేనే ఆపినానంటాంది" అని.

సారు టీ గ్లాసు కింద పెట్టినాడు. లేచి నా చెవి కాడికి వచ్చి, కింద వీధిలో పోయేవాళ్లకి కూడా వినపడేట్టు అరిచినాడు:

"ఆపింది నేను రా!"

ఆయన చెప్పింది చెప్పినట్టే రాస్తాండా. "పన్నెండో మట్టు లేదు బాషా. నేను రాయనేలేదు. తొమ్మిది దాటి ఎవరూ రారులే అనుకున్నా. పన్నెండు అని అంకె మాత్రం పెట్టినా, ఊరికే గొప్పకి. ఆ పిల్ల పదకొండు దాటతాంటే నాకు చెమట్లు పట్టినాయి. అంత కష్టపడి దిగిన బిడ్డకి అడుగున ఏమీ లేదని ఎట్ల చూపేది? బల్ల కింద ఉన్న కంప్యూటర్ కరెంటు మీటని కాలితో నొక్కినా. రేపు రాద్దాం, రేపు రాద్దాం అనుకున్నా. సోమవారం నుంచి ఆ పాప ఆ గదికే రాలేదు."

అందుకే నిన్ను పిలువు పిలువు అని నా ప్రాణం తీస్తాన్యాడంట. నువ్వొస్తే నీ ముందరే చెప్పుకుందామని.

నాకు కోపం రాలేదక్కా. నీకొస్తే రానీ. కానీ బెంగళూరు వాళ్లకి ఏం చెప్పేదో తెలీలేదు. పూర్తి ఆట పంపుతామని మాటిచ్చినా, ఆటే పూర్తి కాలేదు. సారు చేతులు నలుపుకుంటా అడిగినాడు, "ఇప్పుడు రాస్తే చెల్లుతాదా?" అని.

"మీ ఆట, మీరే ముగిస్తే ఎందుకు చెల్లదు సార్" అన్నా.

"అడుగున ఏముండల్లనో నాకు తెలీదు. అప్పుడూ తెలీదు, అందుకే రాయలేకపోయినా. మీ అక్కని అడుగు. అంతదూరం దిగింది ఆమె కదా" అన్నాడు.

అడుగతాండా. ఏముండల్ల?

నీ తమ్ముడు, స్విచ్చి ముట్టనివాడు
బాషా


చిలమత్తూరు
28 మే 2025

బాషా, నా తండ్రీ,

నవ్వినా. మిషన్ ఆపి, దారం తెంపి, పక్కన పెట్టి నవ్వినా. తర్వాత కొంచెం ఏడ్చినా, నీ గురించి. నీ పెండ్లిలో బిర్యాని బాగలేదని నేను గొడవ చేసింది ఎందుకనుకుంటావు? బిర్యాని బాగానే ఉండాది. స్విచ్చి బోర్డు పక్కన నిలబడుకోని ఫొటో దిగినావు నువ్వు. నన్ను మన్నించు.

సారుకి చెప్పు, నాకు కోపం లేదని. అడుగున ఏమీ లేదని ఆ పొద్దే చూసింటే నేను ఇంగ ఏ ఆటా నమ్మేదాన్ని కాదేమో. కాలితో నొక్కినాడంట! ఎంత వణికింటాడో పాపం.

నీ ప్రశ్న మీ బావ ముందర పెట్టినా. షావలి ఇప్పుడు ట్యాంకర్ తోలతాండాడు గానీ, చిన్నప్పుడు వాళ్ల నాయనతో బావులు తవ్వినోడే కదా. అన్నం కలుపుతా వినినాడు, చెయ్యి ఆగిపోయింది. "నీళ్లు భళ్లున రావు. అట్ల చూపిస్తే అబద్ధం" అన్నాడు. మొదట మట్టి రంగు మారతాదంట. తర్వాత గడ్డపార దిగితే చప్పుడు మారతాదంట. అటెనక బండ సందులో ఒక చెమ్మ, వేలు పెట్టి చూస్తే తప్ప తెలీనంత. దాని తర్వాత అరికాళ్లకి చల్లగా. అప్పుడు పైకి అరుస్తారంట. నీళ్లని ఆయప్ప ఇంత వర్ణించి చెప్తాడని పెండ్లయి ముప్పై నాలుగేండ్లకి తెలిసింది నాకు. రోజూ నీళ్లు మోసే మనిషి, రోజూ నీళ్ల మిందనే విసుక్కునే మనిషి.

జాకెట్టు డిజైన్లు గీసుకునే గళ్ల కాగితం మింద గీసి పంపతాండా. నల్లగళ్లు బండ, ఖాళీగళ్లు మట్టి, నీలం పెన్సిల్ నీళ్లు. కింది నుంచి ఒక్కో వరస ఊరల్ల.

ఇంకో మాట. నీళ్లు పడితే ఆట అయిపోకూడదు. దించినంత మాత్రాన ఏమొచ్చె? నిండిన బొక్కెన పన్నెండు మట్లూ పైకి చేదల్ల, బండకి తగిలితే ఒలకల్ల. పైన ఒక మనిషి ఉండల్ల, ఆ నీళ్లు తాగల్ల. ఎవరైనా సరే.

సారుకి కుదురుతాదో లేదో అడుగు. యూనిఫారాలు తొంభై అయినాయి.

జమీల


గుత్తి
11 జూన్ 2025

అక్కా, బావా,

బక్రీద్ బాగా చేసుకున్నారనుకుంటా. మేము పండగ పూట కూడా కంప్యూటర్ ముందరే. సారుకి ఓళిగలు తినే తీరిక లేదు.

నీ గళ్ల కాగితాన్ని సారు భూతద్దం పెట్టి రెండు రోజులు చూసినాడు. బావ మాటలు నాజ్‌నీన్‌తో నాలుగుసార్లు చదివించుకున్నాడు. మూడో రోజు పని మొదలుపెట్టినారు. ఎట్లంటావా? సారుకి మీటలు కనపడవు, నాకు సారు మాట వినపడదు. కాబట్టి సారు చెప్తాడు, నాజ్‌నీన్ కొడతాది, నేను పక్కన నిలబడి వైర్లు ఊడకుండా పట్టుకుంటా. ఒక చుక్క బదులు కామా కొట్టిందని సారు ఆమెని తిట్టినాడంట. ఎనిమిదో క్లాసులో లెక్కలు చెప్పేటప్పుడు కూడా సారు నన్ను ఇంత తిట్టలేదని ఆమె సంబరం.

పైకి చేదే సంగతి విని సారు బల్ల మింద గుద్దినాడు. కొత్తగా రాసే పని లేదంట, అవే మట్లు తిరగేసి చూపిస్తే చాలంట. "ఇంత సులువు నాకెందుకు తట్టలేదు" అని శానాసేపు అదే మాట.

మనిషి కాడ వచ్చింది చిక్కు. ఆ కంప్యూటర్ జ్ఞాపకం మన పాత పెట్టె మాదిరి, ఒకటి లోపల పెట్టాలంటే ఇంకొకటి బయటికి తీయల్ల. నీళ్లు తాగే మనిషికి జాగా లేదు. సారు ఒక్కో వరసా చదివించుకోని, చివరికి "ఓడిపోయితివి" అని వచ్చే అక్షరాలూ, దాని వెంట వచ్చే ఏడుపు రాగమూ తీసేయమన్నాడు. సరిగ్గా అంతే జాగా కావాల్సింది. ఇప్పుడు మూడు తాళ్లూ తెగినా ఏమీ అనదు, మల్ల మొదటి మట్టు కాడ నిలబెడతాది.

పోయిన గురువారం మాత్రం మా గుండెలాగినాయి. సగం పనిలో కంప్యూటర్ లోపల ఏదో పేలి తెల్లపొగ లేసింది. సారు నిలబడి "పోయిందా? పోయిందా?" అంటాండాడు, ఆయనకి పొగ కూడా సరిగ్గా కనపడదు. కరెంటు భాగంలో ఒక చిన్న ముక్క ముసలిదై పగిలింది. రెండో కంప్యూటర్‌లోది ఊడబీకి దీనికి వేసినా. రాసింది పొద్దున్నే క్యాసెట్‌కి ఎక్కించి పెట్టుకున్నాం కాబట్టి బతికినాం. కానీ అక్కా, ఇంగొకటి పేలితే వేయనీకి నా కాడ ముక్కలు లేవు. సారుకి వచ్చే నెలలో కంటి ఆపరేషన్. ఎట్లయితాదో డాక్టర్ కూడా చెప్పలేకుండాడు.

తొందరగా రా.

బాషా


చిలమత్తూరు
20 జూన్ 2025

బాషా,

ఆఖరి జత నిన్న ఇచ్చేసినా. 28వ తేదీ శనివారం హిందూపురంలో రైలెక్కతాండా. బావ కూడా వస్తానంటాండాడు, చెమ్మ సరిగ్గా రాసినారో లేదో ఆయనే చూడల్లంట. వేళ్లకి అలవాటు కావాలని వారం నుంచి తలగడ మింద ఎడమ, కుడి అని కొట్టుకుంటాండా. లక్ష్మీనరసమ్మ చూసి, డ్యాన్సేమోలే అనుకుంటాంది మల్ల.

అక్క


గుత్తి
10 జూలై 2025

జమీలక్కకి,

మీరు పోయినాక ఇల్లు బోసిపోయింది. బావ మరిచిపోయిన తువ్వాలు, నీ కళ్లద్దాల డబ్బా, పెన్ డ్రైవ్ ఒకటి కలిపి పార్సిల్ పంపతాండా. పెన్ డ్రైవ్‌ని టీవీ వెనక గుచ్చితే మొత్తం వీడియో వస్తాది.

నేను ఇప్పటికి ఆరుసార్లు చూసినా. శనివారం నువ్వు ఐదో మట్టులో ముక్కుబండకే మూడు తాళ్లూ తెంపుకోని, "వేళ్లు కర్రలైపోయినాయి, నన్ను పంపించేయ్" అన్నప్పుడు నా పని అయిపోయిందనుకున్నా. ఆదివారం తొమ్మిదో మట్టు దాకా పోయినావు. సోమవారం పొద్దున నువ్వు జడ ముడేసుకోని, గాజులు తీసి కిటికీలో పెట్టి కూర్చున్నావు చూడు, అప్పుడే నాకు తెలిసింది.

పదో మట్టులో కరెంటు పోయింది కదా. ఫ్యాను ఆగింది, ఎవరూ కదల్లేదు. ఇన్వర్టర్ పట్టుకుంది, తెర ఒక్కసారి వణికి నిలబడింది. వీడియోలో నీ చేతులు చూస్తే, అవి మాత్రం వణకలేదు. నువ్వు గమనించనే లేదంట కదా!

పన్నెండు. నలుపు పోయి ఎర్రమట్టి తేలింది. తర్వాత ఒక్క గడి నీలం, బండ సందులో. బావ లేచి నిలబడినాడు. సారు రెండు చేతులూ కుర్చీ మింద ఆనించి ముందుకు వంగినాడు. ఆయనకి గళ్లు కనపడవు, బొక్కెన కనపడదు. కానీ నీలం వరస వరసగా లేసి సగం తెర నిండినప్పుడు ఆయన మొగం మింద కూడా ఆ రంగు పడింది. ఆయన నోరు "నీలం" అనింది. అది నాకు చెవులు లేకున్నా తెలిసింది.

పైకి చేదేటప్పుడు నేను చూడలేక గోడ దిక్కు తిరుక్కున్నా రెండుసార్లు. పైన ఆ మనిషి, తెర మింద ఎనిమిది చుక్కలతో చేసిన మనిషి, బొక్కెనెత్తి తాగతాంటే బావ ఎందుకు కళ్లు తుడుచుకుంటా బయటికి పోయినాడో నేను అడగలేదు. నువ్వూ అడగొద్దు.

బెంగళూరు వాళ్లకి పంపినా. శానా సంతోషపడినారు. సారు పేరు, నీ పేరు, కొత్త మట్టు గీసింది నువ్వేనని కూడా రాస్తారంట. ఒక్కటే అడిగినారు. వీడియోలో యాడజూసినా ఒక మగమనిషి అరుపులు ఉండాయంట, ఆట శబ్దం సరిగ్గా వినపడకుండా. తీసేయమంటారా అని. ఎవరది? సారేనా? నాజ్‌నీన్‌ని అడిగితే నవ్వి వంటింట్లోకి పోయింది.

ఇంకొకటి అక్కా. తీసింది నేనే అయినా, ఆ వీడియోలో ఏం వినపడతాదో నాకు తెలీదు. తీరిక ఉన్నప్పుడు విని, వరసగా రాసి పంపుతావా?

బాషా


చిలమత్తూరు
19 జూలై 2025

బాషా,

తీరిక ఉన్నప్పుడేంది, వచ్చిన రోజే పెట్టినాం. లక్ష్మీనరసమ్మ, ఆమె చెల్లెలు, జాకెట్ల కోసం వచ్చిన ఇంకో నలుగురు, అందరూ కూర్చున్నారు. మీ బావ ఎక్కడికక్కడ ఆపతాండాడు, నేను రాసుకుంటాండా.

మొదట క్యాసెట్ కూత. ఎండాకాలం చింతచెట్లలో పురుగులు అరిచినట్టు, సన్నగా, విడవకుండా. మధ్యలో నాజ్‌నీన్ "చాలు చాలు, ఆపండి" అంటాది. టక్ అని ఆగతాది. సారు దగ్గు. నేను బిస్మిల్లా అంటా.

బొక్కెన దిగేటప్పుడు బిప్ బిప్ అని వస్తాది. నీకొకటి తెలుసా? మట్టు మారినప్పుడల్లా ఆ గొంతు కొంచెం కొంచెం బొంగురుపోతాది. పదకొండుకొచ్చేసరికి ముసలి కప్ప అరిచినట్టు. సారు అంత ఆలోచన చేసి పెట్టినాడు ఆ పొద్దు, నేను కూడా మరిచిపోయినా. పదిలో ఫ్యాను రెక్కలు ఆగే చప్పుడు, ఆ వెంటనే వీధిలో బొరుగులమ్మే ఆయన కేక.

పన్నెండులో మొదట ఆట శబ్దం ఏమీ లేదు. బిప్ లేదు. నీళ్లు ఊరేటప్పుడు టిక్, టిక్ అని ఒక్కో చుక్క మాదిరి. ఇది నాజ్‌నీన్ పెట్టిన శబ్దమంట, సారు చెప్పకుండానే. సారు "నీలం, నీలం వస్తాందమ్మా" అంటాడు. మీ బావ "అద్దీ! చెమ్మ అంటే అదీ!" అంటాడు. పైకి చేదేకొద్దీ అదే బిప్ మల్ల సన్నబడతా వస్తాది, పైకొచ్చేసరికి పిచ్చుక గొంతు అయిపోతాది. మనిషి తాగినాక ఎవరో ఈల వేసినారు, రెండు వేళ్లు నోట్లో పెట్టుకోని, చెవులు చిల్లులు పడేట్టు. నాజ్‌నీన్! ఆ పిల్లకి ఈల వస్తాదని నీకు తెలుసునా?

ఇంగ ఆ మగమనిషి. సారు కాదు. మీ బావ కాదు. అది నువ్వే.

నీకు నీ గొంతు ఎంత పెద్దదో తెలీదు బాషా. నోరు మూసుకోని చూస్తాండాననుకున్నావేమో. మొదటి మట్టు నుంచి పైకి తేలే దాకా "అక్కా ఎడమకి! అక్కా, ఎడమకి పో, ఎడమకి!" అని ఒకటే అరుపు. మా వీధి చివరి దాకా వినపడింది. లక్ష్మీనరసమ్మ వేళ్లతో లెక్కపెట్టింది, ఇరవై ఆరు సార్లు. ఇరవై ఆరు సార్లూ కుడికి పోవల్ల. నేను ఇరవై ఆరు సార్లూ కుడికే పోయినా.

బెంగళూరు వాళ్లకి ఈ పొద్దే రాయి. ఆ అరుపులు ఒక్కటి కూడా తీసేయడానికి వీల్లేదని నేను చెప్పినానని రాయి.

నీ అక్క
జమీల